పిల్లల యాటలో పరుల కన్నులు



గత మాసమున మేము విజయవాడలో మా చెల్లెలి యింట నాలుగు దినములు గడపితిమి. ఒకనాటి మధ్యాహ్నము భోజనములు ముగించి కూర్చుండి యుండగా మా చెల్లెలి ఫోను మ్రోగినది. అవతల పలికిన వాడు మిక్కిలి మర్యాదగా మాటలాడెను. “అమ్మా, మీ యమ్మాయి అయిదవ తరగతి కదా? వచ్చు నెలలో పదునొకండవ యేడు వచ్చును గదా? లెక్కలలో ప్రత్యేక శిక్షణ మిప్పింతురా?” అని యడిగెను. అడుగుచు పిల్లను పేరుతో బేర్కొనెను. అదియు బడిలోని పేరు గాదు. ఇంటిలో మేము పిలుచుకొను ముద్దుపేరు. మా చెల్లెలి ముఖము పాలిపోయినది. ఆ పేరు పిల్ల ఉపాధ్యాయులకు సైతము తెలియదు.

విచారింపగా సంగతి తేలినది. సెలవు దినములలో ఆ చిన్నది తల్లి ఫోనులో, బొమ్మలకు రంగులు వేయు నొక వెబ్‌సైటును తెఱచినది. తాను రంగులు దిద్దిన నెమలిబొమ్మను దాచుకొనవలెనన్నచో పేరు, తరగతి, పుట్టినదినము, తల్లి ఫోను నెంబరు వ్రాయుమని ఆ పుట కోరినది. పిల్ల వ్రాసినది. ముద్దుపేరును మఱియెచ్చటను వ్రాసి యెఱుగదు.

తల్లి వెఱపు కోపముగా మాఱినది. రెండు దెబ్బలు పడినవి. పిల్ల మా యొడిలో తల దాచుకొని, “పెద్దమ్మా, పెద్దలు అడిగినప్పుడు చక్కగా బదులు చెప్పవలెనని అమ్మయే కదా నేర్పినది?” అని వెక్కి వెక్కి యేడ్చినది. ఆ ప్రశ్నకు మాకు వెంటనే సమాధానము తోచలేదు. దానిని వెదకుచు వ్రాసినదే ఈ మాసపు వ్యాసము.

వీధిలో నొక యపరిచితుడు వచ్చి మన పిల్లను నిలబెట్టి, నీ పేరేమి, నీ యిల్లెక్కడ, నీ పుట్టినదినమెప్పుడు అని యడిగినచో మనము గుమ్మము దాటి వచ్చి, “నీవెవరవు నాయనా? నీకేల?” అని ప్రశ్నింతుము. అదే ప్రశ్నను రంగురంగుల బొమ్మలతో, నవ్వు ముఖముగల కుందేలుచేత నడిగించినచో మనకు వినబడదు. పిల్లకు మాత్రము అది స్నేహితుని ప్రశ్నవలె నుండును. బదులు చెప్పుట మర్యాద యని నేర్పినది మనమే. అడుగువాడెవడో చూచుకొనుమని నేర్పుట మఱచినదియు మనమే.

ఇది కంటికి గనబడు నడుగుట. దీనికన్న పెద్దది, కంటికి గనబడనిది మఱొకటి కలదు. పిల్ల యొక్క మాటయైనను వ్రాయకున్నను, ఆ పుట తెఱచినంతమాత్రముననే కొన్ని జాడలు తీయబడుచుండును. ఇది యెట్లు జరుగునో తెలిసికొనుటకు పెద్ద చదువు లక్కఱలేదు. మన చాకలివారు పూర్వము గుడ్డలపై జీడిగింజ రసముతో గుర్తు పెట్టెడివారు. ఆ గుర్తులో మన పేరు లేదు, ఊరు లేదు. అయినను వందల గుడ్డలలో కలిసినను ఇది ఫలానా యింటిదని వారు పోల్చుకొందురు. వెబ్‌సైటులు మన ఫోనులో నుంచు ‘కుకీ’ యనునది ఇట్టి గుర్తే. 1994లో లూ మాంటుల్లీ యను నింజనీరు దీనిని కల్పించెను. వచ్చినవారు నిన్న వచ్చినవారే యని పోల్చుకొనుటకు, అంగడి బుట్టలో వేసిన వస్తువులను గుర్తుంచుకొనుటకు ఇది పనికివచ్చును. అంతవఱకు తప్పేమియు లేదు.

చిక్కు వచ్చినది తరువాత. ప్రకటనలు నడపు కంపెనీలు వేలకొలది వెబ్‌సైటులలో ఒక్కొక్క మూల తమ మనిషిని నిలిపినట్లుగా, తమ కుకీని కూడ పెట్ట నారంభించినవి. ఉదయము బొమ్మల పుటలో, మధ్యాహ్నము పాటల పుటలో, సాయంకాలము లెక్కల పుటలో గుర్తు చదువువాడు ఒక్కడే. ఫోనులోని యాప్‌లలో కుకీకి బదులు ప్రతి ఫోనునకు ప్రకటనలకొఱకై కేటాయించిన పొడుగాటి సంఖ్య యొకటి యీ పని చేయును. ఇట్లు ప్రోగుచేసిన చిన్న చిన్న జాడలనుండి ఈ ఫోను పట్టుకొను పిల్ల యే యూరిలో నుండును, ఎన్ని గంటలకు నిద్ర లేచును, ఏ బొమ్మ చూచి ఆగును, ఏది చూపినచో మారాము చేయును అను చరిత్ర యంతయు తయారగును. పేరు తెలియకపోయినను పిల్ల తెలిసిపోవును.

ఎందుకింత శ్రమ యని మీ రడుగవచ్చును. ఆ పుటలో ఆడుటకు మనము రూపాయి యిచ్చుట లేదు. అయినను దానిని నడపుటకు ధనము కావలెను. ప్రకటనలు ఇచ్చువారు ఆ ధనమిత్తురు. ఎవరికి ఏది చూపిన కొందురో ముందుగా తెలిసిన ప్రకటనకు వెల హెచ్చు. పెద్దవారమైన మనకు ప్రకటనయని తెలిసియే మోసపోవుచుండగా, ఆటకును ప్రకటనకును భేదము తెలియని యాఱేండ్ల పసివానికి వానికోసమే యెన్నిన వల పన్నుట న్యాయమా? ఇందు పిల్ల కొనువాడు గాదు, అమ్మకపు సరకైనాడు.

ఇది యేదో పేరులేని చిన్న యంగళ్లు చేయు పని యని మేమును మొదట తలచితిమి. ఆ తలపు తప్పని తెలిసినది. 2015లో వివిధ దేశముల సమాచార రక్షణాధికారులు కలిసి పిల్లలకొఱకు పెట్టిన వెబ్‌సైటులను, యాప్‌లను 1,494 పరిశీలించిరి. నూటికి 67 పిల్లల వ్యక్తిగత వివరములు తీసికొనుచున్నవి. సగము వాటిని ఇతరులకు అందించుచున్నవి. వివరములు తీసికొనుటకు సరియైన హద్దులు పెట్టినవి నూటికి 31 మాత్రమే. మఱుసటి యేడు, 2016లో, అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రపు న్యాయాధికారి బార్బీ, హాట్ వీల్స్, నిక్ జూనియర్, నియోపెట్స్ మున్నగు పేరుపడిన పిల్లల పుటలలో ఇతర కంపెనీలవారు జాడలు తీయుచున్నారని తేల్చెను. ఆ పుటల యజమానులలో ముగ్గురు కలిసి 8,35,000 డాలర్లు దండుగ చెల్లింప నొప్పుకొనిరి. 2019 సెప్టెంబరులో గూగులు, యూట్యూబులు 17 కోట్ల డాలర్లు చెల్లింప నంగీకరించినవి. పిల్లల చానెళ్లు చూచువారిని, తల్లిదండ్రుల యనుమతి లేకయే కుకీలతో వెంబడించి ప్రకటనలు చూపినారని వారిపై నారోపణము.

చదువు పేరిట వచ్చునవి యైనను నిర్భయముగా నమ్మదగినవని చెప్పలేము. అంటువ్యాధి కాలమున బడులు మూతపడి మన పిల్లలు ఫోనులలో పాఠములు విన్న సంగతి మనమెవరమును మఱవలేదు. హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ 49 దేశముల ప్రభుత్వములు ఆ దినములలో సిఫారసు చేసిన విద్యా యాప్‌లను, వెబ్‌సైటులను పరీక్షించి 2022లో నివేదిక ప్రకటించినది. వానిలో నూటికి 89 పిల్లల హక్కులకు భంగము కలిగించు రీతిగా సమాచారమును వాడుచున్నవని, లేదా అట్టి యపాయమునకు గుఱిచేయుచున్నవని ఆ నివేదిక చెప్పుచున్నది. మన దేశపు ‘దీక్ష’ యాప్‌నకు సంబంధించిన యొక నిల్వ తాళము లేక తెఱచియుండి, పది లక్షలకు పైగా ఉపాధ్యాయుల వివరములు, సుమారు ఆఱు లక్షల విద్యార్థుల వివరములు బయటివారికి అందుబాటులో నుండినట్లు 2023 జనవరిలో వార్త వెలువడినది.

ఈ తుది యుదాహరణమే మనకు మిక్కిలి ముఖ్యము. సమాచారము తీసికొన్న వారందఱును దుర్మార్గులు గానక్కఱలేదు. కాని కొట్టులో ధాన్యమున్నచోటికి ఎలుక రాక మానదు. 2015లో హాంకాంగునకు చెందిన వీటెక్ యను బొమ్మల కంపెనీ కొట్టులో దొంగలు పడిరి. సుమారు 48 లక్షల తల్లిదండ్రుల ఖాతాలు, 63 లక్షలకు పైగా పిల్లల వివరములు పరుల చేత చిక్కినవి. 2017లో ‘క్లౌడ్‌పెట్స్’ అను మెత్తని మాటలాడు బొమ్మల సంగతి బయటపడినది. ఊరికి దూరముగా నున్న తండ్రి బొమ్మ ద్వారా పిల్లకు ముద్దుమాట పంపును. పిల్ల తిరిగి పలుకును. అట్టి పలుకులు ఇరువది లక్షలకు పైగా పాస్‌వర్డు సైతము లేని చోట ఉంచబడినవి. తండ్రీబిడ్డల మాటలు ఎవరైనను వినదగిన స్థితిలో పడియుండినవి. ఆ యేడే జర్మనీ ప్రభుత్వాధికారులు ‘కేలా’ యను మాటలాడు బొమ్మను రహస్యముగా వినెడి యంత్రమని నిర్ణయించి, దాని యమ్మకమును నిషేధించిరి.

“మా పిల్లలో దాచవలసినదేమున్నది? ఏ పాట విన్నదో తెలిసిన నష్టమేమి?” అని మా మిత్రురాలొకరు మమ్మడిగిరి. పాట తెలిసిన నష్టము లేకపోవచ్చును. కాని పేరు, పుట్టినదినము, బడి, ఇంటికి వచ్చు వేళ, అమ్మ ఫోను నెంబరు ఒక్కచోట చేరినచో అది పాట గాదు, ఇంటి తాళపుచెవి. మఱియు పెద్దవారమైన మనము పాస్‌వర్డు మార్చుకొనవచ్చును. పిల్ల పుట్టినదినమును మార్చలేము. పదేండ్ల ప్రాయమున పోయిన వివరము ఆ పిల్ల పెరిగి పెద్దదైన తరువాతను ఎచ్చటనో నిలిచియుండును. ఆమె బ్రదుకును గూర్చి ఆమెకు ఊహ తెలియకముందే పరులు చరిత్ర వ్రాసిపెట్టుట మేము ఒప్పుకొనజాలము.

చట్టము లేదా యందురా? ఉన్నది. అమెరికాలో 13 ఏండ్లు నిండని పిల్లల వివరములు తీసికొనుటకు ముందు తల్లిదండ్రుల యనుమతి పొందవలెనని 1998లో శాసనము చేసిరి. అది 2000 సంవత్సరమున అమలులోనికి వచ్చినది. 2013లో కుకీలవంటి గుర్తులను సైతము వ్యక్తిగత వివరములలో చేర్చిరి. మన దేశమున 2017 ఆగస్టు 24వ తేదీన సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకకంఠముగా ఏకాంతపు హక్కు ప్రాథమిక హక్కని తీర్పు చెప్పిరి. 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లు నిండనివారి వివరములకు తల్లి లేక తండ్రి యనుమతి కావలెననుచున్నది. పిల్లలను వెంబడించి జాడలు తీయుటను, వారిపై గుఱిపెట్టి ప్రకటనలు చూపుటను నిషేధించుచున్నది. తప్పినచో 200 కోట్ల రూపాయల వఱకు దండుగ. ఈ చట్టపు నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. ముఖ్యమైన విధులకు మాత్రము పదునెనిమిది మాసముల గడు విచ్చిరి. విద్యాసంస్థలకు చదువు, పిల్లల క్షేమము అను పనుల మేరకు కొంత మినహాయింపు కలదు.

చట్టము మంచిదే. కాని చట్టము మన చావడిలో కూర్చుండి ఫోను చూడలేదు. “నీకు పదునెనిమిది యేండ్లు నిండినవా?” అని పుట యడిగినప్పుడు పసివాడు ‘నిండినవి’ అని నొక్కుట యెంత సులభమో మీ రెఱుగుదురు. అంతేకాదు, మన యిండ్లలో చాలవఱకు పిల్లకు వేఱు ఫోను లేదు, తల్లి ఫోనే పిల్ల ఫోను. తల్లి ఖాతాతో తెఱచినందున ఆ కంపెనీ దృష్టిలో ఆడుచున్నది ముప్పదియైదేండ్ల స్త్రీ! పిల్లలకొఱకు ఏర్పఱచిన రక్షణలు ఆమెకు వర్తింపకపోవచ్చును.

కావున ఇంట మనము చేయదగిన పనులను కొన్నింటిని చెప్పుచున్నాము. ఇవి యన్నియు మేము మా చెల్లెలి యింట ఆ సాయంకాలమే కూర్చుండి చేసినవి. గంటకు మించి కాలము పట్టలేదు.

మొదటిది: పిల్లల ఖాతాను వేఱుగా పెట్టుట. ఫోనులో పిల్ల వయస్సు నిజముగా తెలిపి, తల్లి యజమాయిషీలో నుండు ఖాతాను ఏర్పఱుపవచ్చును. పిల్లవానిని బడిలో చేర్చునపుడు వయస్సు దాచముగదా.

రెండవది: ప్రకటనల సంఖ్యను తుడిచివేయుట. ఆండ్రాయిడు ఫోనులలో సెట్టింగులలోని ప్రైవసీ భాగమున ప్రకటనలు అనుచోట ఈ సంఖ్యను తీసివేయు వీలు కలదు. ఐఫోనులో యాప్‌లు జాడ తీయుటకు అనుమతి యడుగుటనే ఆపివేయవచ్చును. వెబ్‌సైటులు చూచు బ్రౌజరులో పరుల కుకీలను అడ్డగించు మీట యున్నచో దానిని వేయవలెను.

మూడవది: ప్రతి యాప్‌నకు ఏయే యనుమతు లిచ్చితిమో చూచుట. రంగులు వేయు యాటకు మన మున్న చోటుతో పనియేమి? చిక్కుప్రశ్నల యాటకు మైకుతో, ఫోనులోని పేర్ల పట్టికతో పనియేమి? పనిలేని యనుమతిని తీసివేయుడు. ఆట నడిచినచో సరియే. నడువనిచో అట్టి యాట మనకు వలదు. మా చెల్లెలి ఫోనులో రెండేండ్లుగా ఎవరును తెఱవని యాటలు తొమ్మిది యుండినవి. అన్నియు తీసివేసితిమి.

నాలుగవది: బడిని అడుగుట. ఏ యాప్ వాడుచున్నారు, పిల్లల వివరములలో దానికేవేవి యిచ్చినారు, పిల్ల బడి మానిన తరువాత వానిని చెఱపివేయుదురా అను మూడు ప్రశ్నలు మర్యాదగా వ్రాసి పంపుడు. ఒక తల్లి యడిగిన బదులు రాకపోవచ్చును. పదుగురు తల్లులు అడిగినచో వచ్చును.

అయిదవది మనలను గూర్చినదే. పుట్టినదినపు వేడుక ఫొటోను, బడి దుస్తులపై బడి పేరు కనబడు ఫొటోను బంధువుల వాట్సాప్ గుంపులలో, ఫేసుబుక్కులో మనమే సంతోషముతో పంచుచున్నాము. ఇంటి గుట్టు లంకకు చేటు అను సామెతను ఇతరులకు చెప్పుటకే గాక మనమును తలచుకొనవలెను.

ఇక పిల్లలకు చెప్పవలసినది. దీర్ఘోపన్యాసము వలదు. పూర్తి పేరు, పుట్టినదినము, బడి పేరు, ఇంటి చిరునామా, ఫోను నెంబరు, ఫొటో — ఈ యాఱింటిలో ఏది యెవరడిగినను ఆట ఆపి అమ్మ యొద్దకు రావలెను. ఇంతే. వచ్చినప్పుడు మనము వంటపనిలో నున్నను విసుగుకొనరాదు. “మంచిపని చేసితివి” అని చెప్పి, వారితో కలిసి చూచి, అక్కఱలేని గడిని ఖాళీగా విడిచిపెట్టుట నేర్పవలెను. ఖాళీగా విడువనీయని పుటను మూసివేయుట నేర్పవలెను.

ఇచ్చట మేము గట్టిగా చెప్పదలచిన సంగతి యొకటి కలదు. తప్పు జరిగినప్పుడు పిల్లను కొట్టకుడు. దెబ్బ తిన్న పిల్ల ఇకమీదట వ్రాయక మానదు, వ్రాసిన సంగతి మనకు చెప్పుట మానును. అపరిచితు డెవడైనను, “ఈ మాట మీ యమ్మతో చెప్పకు” అని పలికిన నాడు, ఆ దెబ్బ జ్ఞాపకముండిన పిల్ల నిజముగనే చెప్పదు. జాడలు తీయువారికన్న, ప్రకటనలకన్న మనము భయపడవలసిన దినమది. తల్లితో నిర్భయముగా చెప్పుకొనగలిగిన పిల్లకు అంతకు మించిన కాపుదల ఏ చట్టమును, ఏ యంత్రమును ఈయజాలదు.

మా చెల్లెలు ఆ రాత్రి బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని తలదువ్వుచు, “అడుగువారికెల్ల బదులు చెప్పనక్కఱలేదమ్మా. ఎందుకని తిరిగి యడుగవచ్చును. ఆ మాట నీకు నేర్పకపోవుట నా తప్పు” అని చెప్పినది. మఱునాడు ఆ వెబ్‌సైటువారికి మా పిల్ల వివరములన్నియు చెఱపివేయవలసినదని జాబు వ్రాసితిమి. చెఱపితిమని బదులు వచ్చినది. అయినను శిక్షణ అమ్మువారి ఫోనులు పూర్తిగా నిలువలేదు. వారమున కొకటి రెండు వచ్చుచునే యున్నవని చెల్లెలు వ్రాయుచున్నది. గుమ్మము దాటిన మాటను మరల రప్పించుట అంత సులభము గాదు.

మొన్న మాత్రము ఆ చిన్నది మాకు ఫోను చేసి, క్రొత్త పాటల పుట యొకటి తన పుట్టినదినము అడిగినదనియు, వారేమైన మిఠాయి పంపుదురా యని తాను అమ్మను అడిగితిననియు, పంపరని తెలిసి ఆ పుట మూసివేసితిననియు నవ్వుచు చెప్పినది. ఆ నెమలిబొమ్మ పోయెనే యని యడిగితిమి. కాగితముపై మఱొకటి వేసి గోడకు అంటించితిననెను.

మీ యిండ్లలోను ఇట్టి యనుభవములు కలిగియుండును. ఏ యుపాయము ఫలించినదో, బడివారిని అడిగినపుడు ఏమి బదులు వచ్చినదో సోదరీమణులు మాకు వ్రాసి పంపినచో రాబోవు సంచికలలో ప్రకటింతుము. పిల్లల పేర్లను మాత్రము వ్రాయకుడని మనవి.